చాంద్రాయణగుట్ట సేటు కొన్న రూపాయి

వారంలో ఆరు రోజులు నేను పాత కుర్చీలకు పాలిష్ పెట్టే బాలనర్సింహను. ఆదివారం పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా మాత్రం చాంద్రాయణగుట్ట సేటును.

సేటుకు ఒక నల్లకోటు ఉండేది. ఎవరో వకీలు పోతే ఆయన బీరువాతో పాటు హర్రాజుకు వచ్చింది. బీరువా అమ్ముడుపోయింది, కోటు నాకు మిగిలింది. కుడివైపు జేబు లేదు. ఎడమ జేబులో అత్తరు దూది పెట్టుకునేవాణ్ణి, వార్నిష్ కంపు తెలియకుండా. తల మీద ఒక టోపీ. సేటంటే ఇంతే. నాలుగో తరగతిలో నన్ను బడి మాన్పించి మా నాయన చేతికి ఉప్పుకాగితం ఇచ్చినప్పుడు, సేటు కావటానికి ఇంత తక్కువ ఖర్చవుతుందని ఎవరూ చెప్పలేదు. తెలిస్తే అప్పుడే అయ్యేవాణ్ణి.

హుస్సేనీ ఆలంలో వైకుంఠం నడిపే హర్రాజుఖానా ఒకప్పటి గుర్రాల కొట్టం. కూలిపోతున్న నవాబుల దేవిడీల్లోంచి వచ్చిన సామానంతా అక్కడ పేర్చి, ఆదివారం ఆదివారం వేలం వేసేవాడు. ముందు బల్లలు, మంచాలు. తర్వాత గడియారాలు, పింగాణీ. చిట్టచివర పాత నాణేలు. నాణేల కోసమే జనం ఆఖరిదాకా కూర్చునేవారు. మూడు కాళ్ల బల్లకు మూడు కాళ్లేనని గుడ్డివాడు కూడా తడిమి చెప్తాడు. నాణెం సంగతి అట్లా కాదు. దాని విలువ ఎంత అంటే, పక్కవాడు ఎంత పాడితే అంత. ఆ పక్కవాణ్ణే నేను.

నా పనికి నేను సిగ్గుపడలేదు. సిగ్గుపడవలసినవాళ్లు నాకన్నా మంచి కోట్లు తొడుక్కుని, రెండు జేబులతో తిరుగుతున్నారు. పని కూడా సులువే. వైకుంఠం ముందు బల్ల మీద ఇత్తడి పాన్‌దాన్ ఉంటుంది. దాని మూత తెరిచి ఉన్నంతసేపు నేను పాట పెంచుతూ పోవాలి. మూత టక్కున పడిందంటే నోరు మూసుకోవాలి. అప్పటికి పై పాట ఎవడిదో వాడికి వస్తువు కట్టబెడతారు. ఒక్కోసారి వాడు ముందే జారుకునేవాడు, వస్తువు నా మీద పడేది. అప్పుడు వైకుంఠం గంభీరంగా "సేటుగారి ఖాతాలో రాసుకుంటున్నాం" అనేవాడు. నాణెం లోపలి గదికి పోయి రెండు నెలలు పడుకుని, ఇంకో పేరుతో లేచి వచ్చేది. అట్లా పదకొండేళ్లలో నేను కొన్న నాణేలకు అంతు లేదు. ఇంటికి తెచ్చింది ఒక్కటీ లేదు. ఇందుకు నాకు ముట్టేది మూడు రూపాయలు, ఒక ప్లేటు బిర్యానీ. అందులో ముక్క ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు.

నాణేలకు వచ్చేవాళ్లలో సోమశేఖర్ అని ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం టోకున అమ్మే వ్యాపారి ఉండేవాడు. నాణేలంటే ఆయనకు ఏమీ తెలియదు. ఇంకెవరో కావాలన్నదల్లా ఆయనకు కావాలి, అంతే. నా పక్కనే కూర్చుని, మీ రైసుమిల్లు ఎట్లా నడుస్తుందని అడిగేవాడు. బెల్టు తెగిందని ఒక వారం, మోటారు కాలిందని ఒక వారం చెప్పేవాణ్ణి. చెప్పగా చెప్పగా ఆ మిల్లు మీద నాకే దిగులు పట్టుకుంది.

కాని నా కన్నంతా రాధాకృష్ణమూర్తి మీద. ఆయన కోస్తా నుంచి వచ్చి ఏదో సర్కారు దఫ్తరులో సూపరింటెండెంటుగా ఉన్నాడు. ఇస్త్రీ పంచె, చేతిలో భూతద్దం, చంకలో నీలం అట్ట నోటుబుక్కు. హాలీ సిక్కా అని మా వైపు ఒకప్పుడు చెల్లిన వెండి రూపాయిలు, చార్మినార్ బొమ్మ ఉన్నవి, ఏడాదికి ఒకటి చొప్పున వరసగా పోగుచేస్తున్నాడు. మా కొలువులు చాలక మా రూపాయిలు కూడా వీళ్లకే కావాలా అని నాకు లోపల మంట. అందుకే ఆయన పాడినప్పుడల్లా కూలికి మించి కష్టపడేవాణ్ణి. ఒకసారి అరవై చేసే రూపాయిని ఆయన చేత రెండు వందల పదికి కొనిపించాను. ఆ రోజు నా బిర్యానీలో రెండు ముక్కలు వచ్చాయి. తర్వాత తర్వాత ఆయన తగ్గిపోయాడు. నేను నోరు తెరవగానే నోటుబుక్కులో ఏదో గీసుకుని చల్లగా కూర్చునేవాడు. జీతం అయిపోయి ఉంటుందిలే అనుకునేవాణ్ణి.

ఇక ఇంటి సంగతి. మా అత్త ఆగమ్మకు కొడుకులు లేరు, మా దగ్గరే ఉండేది. ఆమె దగ్గర కూడా ఒక చార్మినార్ రూపాయి ఉండేది. పెళ్లిలో దానికి కొక్కెం అతికించి మెడలో వేశారట. కొక్కెం ఎప్పుడో ఊడి, అతుకు మచ్చ మిగిలింది. ఇంట్లో ఎవరు పుట్టినా ఇరవైఒకటో రోజు తొట్టెలలో వేసే ముందు, స్నానం నీళ్ల రాగి కాగులో ఆ రూపాయి వేసేది. ఆ నీళ్లు పోసుకున్న పిల్ల నిలుస్తుందని ఆమె నమ్మకం. నా భార్య చంద్రమ్మ ఆ నీళ్లు పోసుకుంది, మా ముగ్గురు పిల్లలూ పోసుకున్నారు, అందరూ నిలిచారు. కాబట్టి నేను కూడా ఎదురు చెప్పేవాణ్ణి కాదు. శుక్రవారం శుక్రవారం ఆ రూపాయిని చింతపండు, బూడిద పెట్టి తోమేది. యాభై ఏళ్లుగా తోమీ తోమీ చార్మినార్‌కు ఒక మినారు పూర్తిగా పోయింది. మూడే మిగిలాయి.

ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది, వానాకాలంలో నాకు కామెర్లు వచ్చాయి. నెల రోజులు మంచం దిగలేదు. గ్లూకోజు, సూదులు, చెరుకు రసం, ఏవేవో పసర్లు. చంద్రమ్మ బీడీలు చేసిన డబ్బుతోనే అన్నీ వచ్చాయనుకున్నాను. లేచి తిరిగి, దీపావళి దాటాక, నా పెద్ద బిడ్డకు మా ఇంట్లోనే ఆడపిల్ల పుట్టింది. ఇరవైఒకటో రోజు సోమవారం పడింది. పది రోజుల ముందు రూపాయి తియ్యమంటే ఆగమ్మ పెట్టె తీసి చూసి, కనపడటం లేదంది. బియ్యం గోలెంలో దాచానేమో అంది. గోలెం బోర్లించాం. లేదు. నా పెద్ద బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. రూపాయి నీళ్లు పొయ్యకుండా పిల్లను తొట్టెలలో వెయ్యనని పంతం పట్టింది. బాలింత ఏడుపు, పసిపిల్ల ఏడుపు, ఆ పది రోజులు మా ఇల్లు ఇల్లు కాదు.

నేను ఊరుకోలేదు. ఊరుకోవటం నాకు రాదు. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఒక మాట వేసేవాణ్ణి.

"నిన్నటి పప్పు గట్టిగుండె అత్తా. రూపాయి గిట్ల దాంట్లనే ఉడికిందేమో చూడరాదు."

ఆమె తెల్లారి లేచి మళ్లీ గోలెంలో చెయ్యి పెట్టి వెతికేది. ముసలిదానికి మతి పోయిందని ఆమె వినేట్టుగానే చంద్రమ్మతో అనేవాణ్ణి.

సోమవారం తొట్టెల అనగా ఆదివారం పొద్దున, చంద్రమ్మ నేను మంచం దిగినప్పటి నుంచి కూడబెట్టిన బీడీ డబ్బు అరవై రూపాయలు నా చేతిలో పెట్టింది. హర్రాజు కాగానే ఉస్మాన్‌గంజ్ పోయి సన్నబియ్యం, నెయ్యి, బెల్లం తేవాలి, మాంసానికి కసాయికి బయానా ఇచ్చి రావాలి. నేను కోటు జేబులో పెట్టబోతే చెయ్యి పట్టుకుంది.

"గా జేబుల పెట్టకు. గది సేటు కోటు. నా పైసలు నీ నడుముకు కట్టుకో."

కట్టుకున్నాను. లుంగీ అంచులో మూడు ముళ్లు వేసి కట్టుకున్నాను.

ఆ రోజు గడియారాలు తొందరగా అయిపోయాయి. నాణేలు ఆరేడు అమ్మాక, వైకుంఠం ఎర్ర మఖ్మల్ విప్పి ఆఖరు నాణెం తీశాడు. నవాబుల జమానా అన్నాడు, జనానా మహల్లో హారంలోది అన్నాడు, ఏదో బేగం పేరు కూడా చెప్పాడు. పాటకు ముందు నాణెం చేతులు మారుతుంది. రాధాకృష్ణమూర్తి భూతద్దంతో చూసి ముక్కు విరిచి, అయినా వదలలేక ఇంకోసారి చూసి, సోమశేఖర్‌కు ఇచ్చాడు. సోమశేఖర్ నాణేన్ని చూడలేదు, మూర్తి మొహం చూసి నాకిచ్చాడు. నేను ఎప్పటిలాగే సేటులాగా కళ్లు చిట్లించి చూశాను.

మూడు మినార్లు. పైన అంచుకు కందిగింజంత అతుకు మచ్చ.

రూపాయికి కూడా మొహం ఉంటుందని వైకుంఠానికి తెలియదు. అన్నీ ఒకటే అనుకున్నాడు. నాకు మాత్రం ఎవరో ఇంట్లోంచి లేచొచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది. ఆ వెనకే గ్లూకోజు సీసాలు గుర్తొచ్చాయి. వెయ్యి బీడీలకు ఎంత వస్తుందో నాకు తెలియదా? నెల రోజుల మందులకు అది ఎట్లా సరిపోతుందని మంచంలో ఉన్నవాణ్ణి ఒక్కసారి లెక్క వేసుకోలేదు. ముసలిది ఈ రూపాయిని నా నోట్లో పోసింది. అది చాలక, పది రోజులుగా నా మాటలు పడుతూ, లేనిదాన్ని గోలెంలో వెతుకుతోంది.

వైకుంఠాన్ని పక్కకు పిలిచి అడగవచ్చు కదా అనుకుంటారు. పదకొండేళ్లు ఆ కొట్టంలో నేను నేర్చుకున్న చదువు ఒక్కటే. కావాలని మొహంలో కనపడ్డదా, ధర రెండింతలు. కొనేవాళ్ల మొహాలు చూసి వైకుంఠానికి ఆ సంగతి కనుసైగతో చెప్పేది నేనే. నాకు కావలసింది ఇంకొకడి చేతిలో ఉన్నప్పుడు నా మొహం నేను దాచుకోక తప్పదు. నాణెం బల్ల మీద పెట్టి వచ్చి కూర్చున్నాను. పాన్‌దాన్ మూత తెరుచుకుంది.

సర్కారు పాట ఇరవై అన్నాడు వైకుంఠం. మూర్తి ఇరవై అయిదు అన్నాడు. నేను ముప్ఫై అన్నాను. పదకొండేళ్లలో మొదటిసారి అబద్ధం కాని పాట.

మూర్తి నా వైపు ఒకసారి చూసి, నోటుబుక్కు తీసి ఏదో గీసుకుని, కలానికి టోపీ పెట్టేశాడు. నా ప్రాణం లేచి వచ్చింది. అంతలో సోమశేఖర్ ముప్ఫై అయిదు అన్నాడు.

ఇక ఇద్దరం మిగిలాం. నలభై అన్నాను, నలభై అయిదు అన్నాడు. యాభై అన్నాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి, మిల్లు బాగానే నడుస్తున్నట్టుంది సేట్ అని నవ్వి, యాభై అయిదు అన్నాడు. అప్పుడు టక్కున పాన్‌దాన్ మూత పడింది.

యాభై అయిదు వైకుంఠానికి చాలు. మూత పడ్డాక నేను నోరు విప్పటం ఆ కొట్టంలో ఎన్నడూ జరగలేదు. నడుము దగ్గర ముళ్లు ఒకసారి తడుముకున్నాను. అరవై దాటితే నా దగ్గర ఏమీ లేదు.

యాభై ఎనిమిది అన్నాను.

వైకుంఠం నాకు వినపడలేదనుకున్నాడు. మూత తెరిచి మళ్లీ కొట్టాడు. నేను పైకప్పు వైపు చూశాను. మూడోసారి కొట్టిన దెబ్బకు వక్కపలుకులు ఎగిరి రసీదు పుస్తకం మీద పడ్డాయి. పక్కన సోమశేఖర్ అరవై అనటానికి పెదాలు తెరిచాడు. సరిగ్గా అప్పుడు వెనక వరసలోంచి మూర్తి ముందుకు వంగి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. సోమశేఖర్ పెదాలు అట్లాగే మూసుకున్నాయి. నన్ను ఎగాదిగా చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

వైకుంఠం ఏక్ బార్ అన్నాడు. అని, బేగంగారి కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. దో బార్ అన్నాడు. అని, నీళ్లు తాగాడు, కళ్లద్దాలు తుడుచుకున్నాడు, సోమశేఖర్ వైపు ఆకలిగా చూశాడు. అన్నాలకు పోవలసినవాళ్లు వెనక నుంచి కసురుకుంటే, తప్పక తీన్ బార్ అని కొయ్యసుత్తి కొట్టాడు. కొట్టి, గుప్పిట్లో నాణెం మూసుకుని, సేటుగారి ఖాతాలో రాసుకుంటున్నాం అన్నాడు.

నేను లేచి బల్ల దగ్గరికి పోయాను.

"ఖాతా ఎందుకు? నగద్ ఇస్తున్న. రసీదు రాయి."

కోటు ఎత్తి, నడుము ముళ్లు విప్పటం మొదలుపెట్టాను. చంద్రమ్మ మాట విని మూడు వేసినందుకు ఒక్కొక్కటే విప్పవలసి వచ్చింది. అరవై మంది చూస్తుండగా ఒక సేటు లుంగీ ముళ్లతో కుస్తీ పట్టడం ఆ కొట్టం గుర్రాలప్పుడు కూడా చూసి ఉండదు. నోట్లు బల్ల మీద పెడితే గుప్పున బీడీ పొగాకు వాసన. వైకుంఠం నోట్లు పరీక్ష చేస్తున్నట్టు తల వంచాడు.

"నర్సింగ్, దిమాక్ ఖరాబైందా? పైసలు జేబుల పెట్టు. లోపట మాట్లాడుదాం."

"లోపట ఎందుకు?" నేను తల వంచలేదు, గొంతూ తగ్గించలేదు. "నేను పాడిన పాట నాది కాదంటవా? ఎవలదో గిక్కడనే చెప్పు, అందరు వింటరు."

సోమశేఖర్ కుర్చీలో ముందుకు జరిగాడు. వీడు నా మనిషి, వీడి పాటలు ఉత్తవి అని వైకుంఠం ఒక్క మాట అంటే నాణెం ఆయనకే ఉంటుంది. కాని ఆ మాట అన్న తర్వాత ఆ అరవై మందీ పదకొండేళ్లలో కొన్నవన్నీ మోసుకుని మర్నాడే తిరిగొస్తారు. నాకు తెలుసు. నాకు తెలుసునని ఆయనకూ తెలుసు. నోట్లు లెక్కపెట్టుకున్నాడు. రసీదు పుస్తకం మీది వక్కపలుకులు దులిపి కలం తీశాడు.

"ఎవరి పేరు మీద రాయాలె?" పళ్ల మధ్య నుంచి వచ్చింది మాట.

"ఆగమ్మ అని రాయి."

కలం ఆగింది. తల ఎత్తి నా కళ్లలోకి చూశాడు. అప్పటికి ఆయనకు రూపాయి మొహం కనపడింది. మళ్లీ వంగి మెల్లగా రాశాడు, ఎప్పుడూ లేనిది అక్షరాలు కుదురుగా. ఆ పేరు విని సోమశేఖర్, సేటమ్మగారా అని అడిగాడు. మా అత్త అన్నాను. రైసుమిల్లులు ఉన్న సేట్లను చాలామందిని చూశానుగాని, అత్తకు రూపాయి కొనిచ్చే సేటును ఇప్పుడే చూస్తున్నానన్నాడు. కొట్టమంతా నవ్వింది. వైకుంఠం కూడా నవ్వవలసి వచ్చింది. అదొక్కటే ఆ రోజు నేను ఉత్తగా పొందింది.

కోటు తీసి గ్రామఫోను కొమ్ముకు తగిలించి బయటికి వచ్చాను. మెట్ల దగ్గర మూర్తి నిలబడి ఉన్నాడు.

"ఏమండీ సేటుగారూ, ఒక్క నిమిషం. నిజంగానే కొన్నారాండీ?"

కొన్నానన్నాను. ఆయన మొహంలో చాలా బాధ కనపడింది. నోటుబుక్కు తెరిచి చూపించాడు. నాలుగేళ్లుగా నేను కొన్న నాణేలన్నీ తేదీలతో సహా రాసి ఉన్నాయి. నూట పద్నాలుగు. ఒక్కటి కూడా నేను గడప దాటించలేదట. మొదట్లో నా చేతిలో రెండు మూడుసార్లు దెబ్బ తిని, ఇదేమిటని లెక్క రాయటం మొదలుపెట్టాడట. అప్పటి నుంచి నేను నోరు విప్పితే ఆయన ఆగిపోతాడు. రెండు నెలలు ఓపిక పడితే అదే నాణెం కొత్త పేరుతో సగం ధరకు వస్తుంది. సోమశేఖర్ చెవిలో చెప్పింది కూడా అదే, ఆగండి, మళ్లీ వస్తుందని.

"మీవల్ల నాకు చాలా ఆదా అయిందండీ," అన్నాడు, మనస్ఫూర్తిగా. "ఇవాళే లెక్క తప్పింది."

నాలుగేళ్లుగా ఆయన్ను దోచుకుంటున్నాననుకుని ఆదివారం ఆదివారం హాయిగా నిద్రపోయినవాణ్ణి నేను. కోపం రావలసింది. ఎందుకో నవ్వు వచ్చింది. రూపాయి తీసి ఆయన చేతిలో పెట్టాను. భూతద్దం పెట్టి, ఈ గీతలేమిటి, దీన్ని ఎవరు తోమారని అడిగాడు. మా అత్త, యాభై ఏళ్ల నుంచి, చింతపండు బూడిద పెట్టి అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. పాత నాణేన్ని తడిగుడ్డతో తుడవటమే పాపమట. ఈ స్థితిలో దీనికి వెండి ధర తప్ప పైసా రాదట, పదిహేను చాలా ఎక్కువట. పదిహేను చేసేదానికి యాభై ఎనిమిది. ఇన్నేళ్లు నేను ఊరందరికీ వడ్డించింది ఆ రోజు నా విస్తట్లో పడింది.

రూపాయి తిరిగి ఇచ్చేసి, ఆయన కలం టోపీ తీశాడు. నూట పదిహేను అని వేసి, పక్కన 'ఇంటికి పోయినది' అని రాసుకున్నాడు. రాసి, మీ అసలు పేరేమిటండీ అని అడిగాడు. చెప్పాను. అది కూడా రాసుకున్నాడు.

మిగిలిన రెండు రూపాయలకు బెల్లం కొని ఇంటికి పోయాను. చంద్రమ్మ తొట్టెల అడిగి తేవటానికి పక్కింటికి పోయింది. బిడ్డ, పిల్ల లోపల నిద్రపోతున్నారు. ఆగమ్మ అరుగు మీద విస్తరాకులు కుడుతోంది. చప్పుడు కాకుండా లోపలికి పోయి, గోలెంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి రూపాయిని అడుగుకు తోసి, బియ్యం సర్ది బయటికి వచ్చాను.

"అత్తా, ఇంకొకసారి గోలెం చూడరాదు."

"పదిసార్లు చూసిన గదరా."

"పదకొండోసారి చూడు."

నన్ను తిట్టుకుంటూనే లేచింది. నేను వెనకే పోయి గడప దగ్గర నిలబడ్డాను. ఉత్తగా వెతికేవాళ్ల చెయ్యి ఎట్లా ఉంటుందో పది రోజులుగా చూస్తున్నాను, పైపైన తిరుగుతుంది. ఆ రోజు కూడా అట్లాగే తిరిగి, నేను కదలకపోయేసరికి లోతుకు పోయింది. పోయి, ఆగింది. చాలాసేపు బియ్యంలోనే ఆగిపోయింది.

రూపాయి పైకి తీసి చూసుకుంది. అతుకు మచ్చ మీద వేలు పెట్టి రాసింది. తర్వాత నన్ను చూసింది, తర్వాత గోలెం చూసింది. ఇది ఇందులో ఎట్లా ఉంటుందని అడగాలి. అడిగితే, అమ్ముకున్నది తానేనని ఒప్పుకోవాలి.

"దొరికింది," అన్నాను నేను.

"దొరికింది," అంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేను చెప్పలే, గోలెంల్నే ఉన్నదని."

అంతలో చంద్రమ్మ వచ్చింది. రూపాయి చూసి సంబరపడింది, బెల్లం పొట్లం చూసి ఆగింది. సన్నబియ్యం ఏది, నెయ్యి ఏది, కసాయికి బయానా ఇచ్చినవా? పైసలు పోయాయన్నాను. మూడు ముళ్లు వేసినవి ఎట్లా పోతాయంది. ఆ తర్వాత అయిన లొల్లి హుస్సేనీ ఆలం కమాను దాకా వినపడి ఉంటుంది. అన్నీ తలవంచుకుని విన్నాను. నా తరఫున ఇంట్లో ఎన్నడూ మాట్లాడని ఆగమ్మ ఆ రోజు అడ్డం పడింది. మాంసం తినకుంటే చుట్టాలు చావరు, బెల్లపన్నం వండు, పైసలు ఎక్కడ పోయినవో నాకు తెలుసు, నువ్వు నోరు మూసుకో అంది. చంద్రమ్మ ఆశ్చర్యంతోనే నోరు మూసుకుంది.

సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆగమ్మ చింతపండు నానబెట్టింది. రూపాయిని బూడిదలో అద్ది బొటనవేలితో రుద్దుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"ఎంతకు ఇచ్చిండు?"

"యాభై ఎనిమిది."

ఆమె వేలు ఆగింది.

"వైకుంఠం నాకు పన్నెండు ఇచ్చిండు, పెద్ద మేలు చేసినట్టు. నీ అల్లునికి చెప్పకు, ఫికర్ చేస్తడన్నడు." మళ్లీ రుద్దటం మొదలుపెట్టింది. "పన్నెండుకు నీ పాణం తెచ్చుకున్న నేను. నువ్వేమో రూపాయికి యాభై ఎనిమిది పెట్టొస్తివి. బేరం చేసుడు నీకు ఎన్నడస్తది రా అల్లుడా?"

పదకొండేళ్లు బేరాల మధ్య కూర్చున్నవాడినని చెప్పబోయి మానుకున్నాను.

సోమవారం రాగి కాగులో రూపాయి ఠంగుమంది. ఆ నీళ్లు నెత్తిన పడగానే నా మనవరాలి ఏడుపు ఆకాశం అందుకుంది. బెల్లపన్నం తిని చుట్టాలు మాంసం సంగతి నాకు వినపడేట్టే మాట్లాడుకున్నారు. మా చుట్టాల గురించి చెప్పటానికి వేరే పుస్తకం కావాలి. వైకుంఠం కబురు పంపాడు, జరిగింది మరిచిపో, కూలి నాలుగు చేస్తాను, వచ్చే ఆదివారం కోటు ఇస్త్రీ చేసి పెడతానని. సేటు ఊళ్లో లేడని, మిల్లు అమ్మేసి పోయాడని చెప్పి పంపాను.

అందరూ పోయాక కాగు అడుగు నుంచి రూపాయి తీసి తుడిచాను. ముందురోజు తోముడు గట్టిగా పడినట్టుంది. మూడో మినారు పైభాగం చదునైపోయింది. అత్తా, ఇకనన్నా చింతపండు ఆపు, ఒక దొర చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు అన్నాను.

ఆగమ్మ నా చేతిలోంచి రూపాయి లాక్కుని వెలుతురుకు పట్టి చూసింది.

"ఇంక రెండున్నర ఉన్నయి గద," అంది. "నీ మనుమరాలి పిల్లలదాంక వస్తయి తియ్యి."